నచ్చకపోతే డబ్బులొద్దు

బోర్డు తగిలించిన రోజునే జైతూన్ బీ మొగుడితో తగువు పెట్టుకుంది. తగువంటే గట్టిగా అరిచే మనిషి కాదావిడ. బియ్యం కడుగుతూ, నీళ్లు వంపుతూ, వెనక్కి తిరక్కుండానే మాట్లాడుతుంది. అలా మాట్లాడిందంటే వ్యవహారం ముదిరిందని పీరుకి తెలుసు.

"హోటలు మీది, బోర్డు మీది. గరిటె మాత్రం నాది. నచ్చకపోతే డబ్బులొద్దని రాయించేముందు నన్నొక్క మాట అడగాలా లేదా?"

"నీ చేతి మీద నమ్మకం ఉండబట్టేగా రాయించాను," అన్నాడు పీరు.

"మీకు నమ్మకం ఉంటే ఏం లాభం? తినేవాడికి ఉండాలి."

పీరు ముప్ఫై ఏళ్లు ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పనిచేశాడు. కళ్లకి పొర కమ్మి కొలతలు సరిగా ఆనకపోయేసరికి మిషను అమ్మేశాడు. తర్వాత ఆపరేషనుతో చూపు తిరిగొచ్చింది గానీ మిషను తిరిగి రాలేదు. మిగిలింది ఖాళీ షెడ్డు. జైతూన్ బీ చేసే బగారా అన్నం, దాల్చా కోసం పండగ పూట ఇరుగుపొరుగు వాళ్లు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు. ఆ షెడ్డులోనే నాలుగు బల్లలు వేసి రెండువేల రెండో సంవత్సరంలో హోటలు తెరిచారు. లవంగాలూ పుదీనా వేసి వండిన బగారా అన్నం, కోడికూర, సొరకాయ ముక్కలూ మటన్ ఎముకలూ వేసి చేసిన పుల్లటి పప్పు, అదే దాల్చా. మధ్యాహ్నం ఒక్కపూటే.

హోటలు పెట్టడం జైతూన్ బీకి ఇష్టమే. ఆవిడ వద్దన్నది బోర్డునే.

"లేత్ మీద ఉన్నప్పుడు ఇరుసుకి తొడిగే బుష్ వదులుగా ఉందని పార్టీ వెనక్కి తెస్తే డబ్బులు తీసుకున్నానా ఎప్పుడైనా?" అన్నాడు పీరు. "పని కుదరకపోతే కూలి లేదు. ఆటోనగర్‌లో అందరికీ తెలిసిన ధర్మమే అది. తిండికి వేరే ధర్మం ఉంటుందా?"

"బుష్ వదులుగా ఉంటే కొలిచి చూపిస్తారు. నాలిక్కి ఏం పెట్టి కొలుస్తారు?"

పీరు బోర్డు మాత్రం దింపలేదు.

బోర్డు రాసింది మరియదాసు. లారీల వెనక నెమళ్లూ, తామరపూలూ వేసే పెయింటరు. పక్క షెడ్డులోనే పని కాబట్టి రోజూ భోజనం ఇక్కడే. అక్షరాలు ఎర్రగా, చుట్టూ పసుపు గీతతో రోడ్డు మీదకి కనపడేలా రాశాడు: భోజనం నచ్చకపోతే డబ్బులొద్దు.

జైతూన్ బీ భయపడినంతేం జరగలేదు. జనం వచ్చారు, తిన్నారు, డబ్బులిచ్చారు. ఒక్క లారీ డ్రైవరు మాత్రం రెండుసార్లు మారు వేయించుకుని, చెయ్యి కడుక్కుని, "నచ్చలేదు భాయ్," అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. "వాడి లారీ నా దగ్గరకి రంగులకి రాకపోతుందా, వాడి పేరు తప్పు రాయకపోతానా," అన్నాడు మరియదాసు. నాలుగు రోజులకి ఆ డ్రైవరే తిరిగొచ్చి రెండు భోజనాల డబ్బులు బల్ల మీద పెట్టాడు. దారిలో ఇంకో హోటల్లో తిన్నాక ఇక్కడి భోజనం నచ్చిందని తెలిసిందట. పీరు ఆ రోజంతా మీసం మీద చెయ్యి తియ్యలేదు.

ఆ తర్వాతి బుధవారం వచ్చాడు తిరుపతిరావు.

ఆయనది పామర్రు పక్కన పల్లె. పదెకరాల మాగాణి ఉంది. అది చాలదన్నట్టు కొత్తగా లారీ కొని, దానికి బాడీ కట్టించుకుంటున్నాడు. పని ఎంతవరకూ వచ్చిందో చూసుకోవడానికి వారం వారం బస్సులో వచ్చేవాడు. ఇస్త్రీ పంచె, జేబులో కళ్లజోడు, చేతిలో గొడుగు. బోర్డు రెండుసార్లు చదువుకుని మరీ లోపలికొచ్చి, వంటింటి గుమ్మానికి దగ్గరగా ఉన్న బల్ల దగ్గర కూర్చున్నాడు. మెతుకు మిగల్చకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి పీరు ముందు నిలబడి ఎంతో మర్యాదగా, "ఏమీ అనుకోకండి. నచ్చలేదండీ," అన్నాడు.

"పర్లేదండీ. మళ్లీ రండి," అన్నాడు పీరు.

మళ్లీ వచ్చాడు. మరుసటి బుధవారం, ఆ పైవారం కూడా. ప్రతిసారీ పళ్లెం తుడిచినట్టు తినడం, ఏమీ అనుకోవద్దని చెప్పడం, నచ్చలేదనడం. ఆ గొంతులో వెటకారం లేదు, దొంగతనం లేదు. అదే జైతూన్ బీని కుదురుగా ఉండనివ్వలేదు. డబ్బులు ఎగ్గొట్టేవాడైతే నాలుగు తిట్టుకుని మర్చిపోవచ్చు. ఈయన నిజమే చెబుతున్నాడని ఆవిడకి అనిపించింది. అంటే తన వంటలో ఏదో ఉంది. అందరూ మొహమాటానికి బావుందంటున్నారు, ఈయనొక్కడే ఉన్నమాట అంటున్నాడు.

దాంతో ఆవిడ వంట మారడం మొదలైంది. పుదీనా ఎక్కువ వేసింది. లవంగాలు తగ్గించింది. మాంసం కొట్టు మార్చింది. ప్రతి గిన్నెలోంచీ నాలుగుసార్లు రుచి చూసి, చూసి, చివరికి ఏది ఎలా ఉందో తనకే తెలియకుండా పోయింది.

"ఇవాళ ఉప్పు రెండుసార్లు పడ్డట్టుందమ్మా," అన్నాడు ఒక రోజు మరియదాసు. ఇంకో రోజు అసలు వెయ్యడమే మర్చిపోయింది. ఆ రెండు రోజుల్లో ఏడుగురు బోర్డు చూపించి వెళ్లిపోయారు. వాళ్లని అనడానికి ఏముంది?

నాలుగో బుధవారం తిరుపతిరావు భోజనం అవుతుండగా జైతూన్ బీ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదుటి బల్ల మీద కూర్చుంది.

"అన్నయ్యగారూ, ఒక్కమాట. ఏం నచ్చలేదు మీకు? ఉప్పా, కారమా, మసాలానా? నేను మార్చుకుంటాను."

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "మీదేం తప్పు లేదమ్మా. ఎక్కడ తిన్నా ఇంతే నాకు. ఏడాదైంది. చేలల్లో మందులు కొట్టి కొట్టి బియ్యంలో పస పోయింది. కోళ్లా, ఇంజెక్షన్ల కోళ్లు. ఏం తిన్నా గడ్డి నమిలినట్టే ఉంటోంది. అన్ని హోటళ్లలోనూ నోరు మూసుకుని డబ్బులిచ్చి వచ్చాను. మీరేమో నచ్చకపోతే వద్దని రాశారు. నచ్చకుండానే నచ్చిందని డబ్బులిస్తే మిమ్మల్ని మోసం చేసినట్టు కాదూ?"

"మరి అంతా ఎందుకు తింటారు?"

"పండించేవాణ్ణమ్మా. అన్నం పారెయ్యలేను."

"ఇంట్లోనో?"

తిరుపతిరావు పళ్లెంలోకి చూశాడు. "ఇంట్లోనూ అంతే. మా ఆవిడ చెయ్యి చెడిపోయింది. ముప్ఫయ్యేళ్లు ఎంత బాగా వండిందో. ఆ మాటే ఆవిడతో అన్నాను. అప్పట్నుంచి వండి, వడ్డించి, వెళ్లి వీధిలో కూర్చుంటుంది. నేను తినేదాకా లోపలికి రాదు."

ఆ సాయంత్రం గిన్నెలు తోముకుంటుంటే జైతూన్ బీకి ఎన్నడూ చూడని ఆ పామర్రు మనిషే కళ్ల ముందు కనపడింది. నాలుగు పూటలు నచ్చలేదంటేనే తన చేతికి ఉప్పు తూకం తప్పింది. ఏడాది పాటు రోజుకి రెండు పూటలా ఆ మాట పడినావిడ ఎలా ఉండుంటుంది?

అయిదో బుధవారానికి ఈ సంగతి హోటల్లో అందరికీ వాదన అయిపోయింది. తిరుపతిరావు గుమ్మం దగ్గరి బల్ల మీద తల వంచుకుని తింటున్నాడు. ఆ చివర బల్ల దగ్గర మరియదాసు ఆయనకి వినపడకూడదనుకుంటూనే గట్టిగా మాట్లాడుతున్నాడు.

"పళ్లెం ఖాళీ చేశాక నచ్చలేదనడమేంటి పీరన్నా? సగం తిని వదిలేస్తే ఒప్పుకుంటా. లారీకి రంగులన్నీ వేయించుకుని, రోడ్డు మీద తిప్పుకుని, నెమలి బాలేదు డబ్బులివ్వనంటే ఊరుకుంటానా?"

"బోర్డులో పళ్లెం సంగతి రాశామా? నచ్చకపోతే అన్నాం. ఆయనకి నచ్చలేదు. అంతే," అన్నాడు పీరు.

"అయితే రేపట్నుంచి నాకూ నచ్చదు."

"అబద్ధం చెప్పి తిను. అరిగితే అరగనీ."

జైతూన్ బీ గుమ్మంలో నిలబడి ఈ గొడవంతా వింటోంది. వింటూ వింటూ పొయ్యి మీద రెండో విడత దాల్చా సంగతి మర్చిపోయింది. పప్పు అడుగంటి మాడిపోయింది. ఎముకలు మాడిన కంపు గుప్పున షెడ్డంతా నిండింది. తింటున్నవాళ్లు ముక్కులు మూసుకున్నారు. మరియదాసు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని రోడ్డు మీదకి నడిచాడు. ఇద్దరు మెకానిక్కులు పళ్లేలు పట్టుకుని అతని వెనకే బయటికొచ్చారు.

తిరుపతిరావు మాత్రం కదల్లేదు. పొయ్యికి అందరికంటే దగ్గరగా కూర్చున్న మనిషి, నింపాదిగా ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత తలెత్తి ఖాళీ బల్లల వంక చూశాడు.

"ఏమైందండీ? అందరూ లేచారేం?"

పీరు పరిగెత్తుకెళ్లి గిన్నె దింపాడు. జైతూన్ బీ గిన్నె వంక చూడనేలేదు. తిరుపతిరావు వంకే చూస్తూ నిలబడింది.

"అన్నయ్యగారూ, మీకు వాసన తెలియడం లేదా?"

"ఏం వాసన?"

ఆవిడ లోపలికెళ్లి కొత్తిమీర కట్ట తెచ్చింది. "ఒక్కసారి కళ్లు మూసుకోండి," అంది. ఆయన మూసుకున్నాడు. కట్ట నలిపి ముక్కు కింద పెట్టింది.

"పెట్టండి మరి," అన్నాడాయన.

"పెట్టాను."

తర్వాత వెల్లుల్లి పెట్టింది. మరియదాసు తన రంగుల షెడ్డులోంచి టర్పెంటైను గుడ్డ తెచ్చి అది కూడా పెట్టాడు. ఆ ఘాటుకి చుట్టూ నిలబడ్డవాళ్లు దగ్గారు. తిరుపతిరావు కళ్లు మూసుకుని, పరీక్ష ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నాడు. చివరికి కళ్లు తెరిచి ముక్కుకి అంగుళం దూరంలో ఉన్న గుడ్డని చూసి అదిరిపడ్డాడు.

"నాకు జలుబు కూడా లేదే," అన్నాడు.

"ఏడాది కింద జ్వరం గానీ వచ్చిందా, దెబ్బ గానీ తగిలిందా?" అనడిగింది జైతూన్ బీ.

ఆయన తల వెనక తడుముకున్నాడు. "గడ్డివామి మీంచి జారిపడ్డాను. తల వెనక్కి తగిలింది. రెండు రోజులు కళ్లు తిరిగాయి, తగ్గిపోయింది. అదేమంత పెద్ద దెబ్బ కాదు."

"ఆ తర్వాతేగా ఇదంతా?"

పీరుకి ఒక్కసారిగా అంతా అర్థమైపోయింది. "ఇంజను బాగానే ఉందండీ, లోపలెక్కడో బెల్టు జారింది," అన్నాడు. "మనం నాలుకతో తింటున్నామనుకుంటాం గానీ సగం తినేది ముక్కేనండీ. జలుబు చేసినప్పుడు చూడండి, ఏ కూరైనా ఒకటే."

తిరుపతిరావు మొహం ఎర్రబడింది. బల్ల మీద వేళ్లతో గీతలు గీస్తూ కూర్చున్నాడు. బియ్యాన్నీ, కోళ్లనీ, చేలల్లో మందుల్నీ, దేశంలో ఉన్న హోటళ్లన్నిట్నీ తిట్టిన ఏడాది ఆయన కళ్ల ముందు తిరుగుతున్నట్టుంది.

"సీతారావమ్మని ఎంత మాటన్నాను," అన్నాడు చివరికి. "నీ చెయ్యి చచ్చిపోయిందన్నానమ్మా."

ఆయన జేబులో చెయ్యి పెట్టి డబ్బులు తీశాడు. "అయిదు భోజనాలకి ఎంతైందో చెప్పండి పీరుగారూ. తప్పు నాదని తేలింది కదా."

"తీసుకోనండీ," అన్నాడు పీరు. "ముక్కు వల్లో, నోటి వల్లో, మీకు నచ్చలేదన్నది నిజమే కదా. కారణాలు బోర్డులో రాయలేదు."

"చూడు, ఈయనకి ఆటోనగర్ ధర్మం పట్టుకుంది," అన్నాడు మరియదాసు. కానీ ఈసారి నవ్వుతూనే అన్నాడు.

జైతూన్ బీ ఈ మాటలు పట్టించుకోకుండా లోపలికెళ్లింది. వాసన తెలియనివాడికి ఏం తెలుస్తుంది? విడిగా, గట్టిగా తగిలిస్తే పులుపు తెలుస్తుంది, ఉప్పు తెలుస్తుంది, కారం మంట తెలుస్తుంది. వేడీ చల్లనా తెలుస్తాయి. పంటి కింద కరకర తెలుస్తుంది. నూనె కాచి మజ్జిగ మిరపకాయలు వేయించింది. పచ్చి మామిడికాయ సన్నగా చీరి ఉప్పూ కారం చల్లింది. కుండలోని చల్లటి గడ్డపెరుగుతో కాస్త అన్నం కలిపింది. ఘుమఘుమలాడేది ఒక్కటీ లేకుండా చూసుకుని పళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

తిరుపతిరావు మిరపకాయ కొరికాడు. దవడ ఆగింది. మళ్లీ కొరికాడు. పెరుగన్నం ఒక ముద్ద తిని మామిడి ముక్క నోట్లో వేసుకున్నాడు. పులుపుకి ఒక కన్ను దానంతటదే మూసుకుపోయింది. మూసుకున్న ఆ కంట్లోంచి నీళ్లు కారాయి. కారం వల్లనో కాదో ఎవరూ అడగలేదు.

"ఇది తెలుస్తోందమ్మా," అన్నాడు. "ఇది తెలుస్తోంది."

పళ్లెం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, ఒక్క భోజనం డబ్బులు పీరు ముందు పెట్టాడు. "నచ్చిందండీ."

పీరు వాటిని రెండు చేతులతో తీసుకున్నాడు.

"లారీ పని రేపు చూసుకోవచ్చు అన్నయ్యగారూ," అంది జైతూన్ బీ. "ముందు పామర్రు బస్సెక్కండి."

ఆ వారమంతా ఆవిడ చెయ్యి మళ్లీ ఎప్పటిలాగే ఆడింది. ఉప్పు చూడకుండానే వేసింది, సరిపోయింది.

మరుసటి బుధవారం తిరుపతిరావు ఒంటరిగా రాలేదు. వెనకాల నేత చీర కట్టుకుని, బస్సు ప్రయాణానికి చెదిరిన జుట్టు సర్దుకుంటూ ఒకావిడ లోపలికొచ్చి, నేరుగా వంటింటి గుమ్మం దగ్గరికి నడిచింది.

"కొత్తిమీర కట్ట పెట్టి కనిపెట్టింది మీరేనా?" అనడిగింది.

"రండి వదినగారూ," అంది జైతూన్ బీ. పేరు చెప్పక్కర్లేకపోయింది.

సీతారావమ్మ కూర్చుని, అడక్కుండానే అంతా చెప్పింది. "ఆ రోజు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా పెరట్లోకెళ్లి, కనపడిన ప్రతి ఆకూ నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నారండీ. పిచ్చెక్కిందనుకున్నాను. తర్వాత నా దగ్గరకొచ్చి, నీ చెయ్యి చావలేదు, చచ్చింది నా ముక్కు, అన్నారు. నిజం తెలిశాక నేను రెండు రోజులు మాట్లాడలేదు."

"నేను తప్పొప్పుకున్నాక కూడానండీ," అన్నాడు తిరుపతిరావు.

"ఏడాది ఓర్చుకున్నదాన్ని. రెండు రోజులు కోపం ఉండదా?" అంది సీతారావమ్మ. "మూడో రోజు డాక్టరు దగ్గరికి పంపించాను. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, చూద్దామన్నాడట. ఈలోగా అప్పడాలు, వడియాలు, మామిడికాయ పప్పు. కరకరలాడేదీ పుల్లనిదీ ఏది పెట్టినా తింటున్నారు. నేనిప్పుడు వడ్డించి ఎదురుగానే కూర్చుంటున్నాను."

ఆవిడకి జైతూన్ బీ స్వయంగా వడ్డించింది, తిరుపతిరావుకి మళ్లీ పెరుగన్నం పెట్టింది. సీతారావమ్మ తినడం అందరూ చూడనట్టే చూశారు. ఆవిడ నెమ్మదిగా తిని, చెయ్యి కడుక్కుని వచ్చింది.

"అన్నం ఎంతో బావుందండీ. దాల్చాలో పులుపు మాత్రం నాకెక్కువైంది. అంత నచ్చలేదు." అంటూనే చేతిసంచి తెరిచింది. "నాదీ, ఈయన ఇవాళ తిన్నదీ, ఇదివరకు తిన్న అయిదూ కలిపి ఎంతో చెప్పండి."

"బోర్డు ప్రకారం..." అని మొదలుపెట్టాడు పీరు.

"బోర్డు సంగతి నాకు తెలీదండీ. ఈవిడ పొయ్యి దగ్గర నిలబడిందా లేదా? నచ్చకపోతే నచ్చలేదని చెప్పాలి. చెప్పి, డబ్బులిచ్చి, ఇష్టం లేకపోతే మళ్లీ రాకుండా ఉండాలి."

"బుష్ వదులుగా ఉంటే..."

"బుష్ అయితే తిరిగిచ్చేస్తారు. తిన్నది ఎలా తిరిగిస్తారండీ?"

ముప్ఫై ఏళ్ల ఆటోనగర్ ధర్మంలో పీరుని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మరియదాసు ఆనందంగా లేచి, "రంగు డబ్బా తెచ్చి బోర్డు కొట్టేసెయ్యనా అమ్మా?" అని జైతూన్ బీని అడిగాడు.

అందరూ ఆవిడ వంక చూశారు. మొదట్నుంచీ ఆ బోర్డు వద్దన్న మనిషి కదా.

"ఉండనీ," అంది జైతూన్ బీ.

"అదేంటి?" అన్నాడు పీరు. నమ్మలేకపోయాడు.

"బోర్డు లేకపోతే అన్నయ్యగారు అన్ని హోటళ్లలో లాగే ఇక్కడ కూడా నోరు మూసుకుని డబ్బులిచ్చి వెళ్లిపోయేవారు. ఆయన ముక్కు సంగతి ఆయనకీ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు. ఉండనీ. కింద ఇంకో ముక్క రాయి మరియదాసూ. నచ్చనివాళ్లు ఏం నచ్చలేదో వంటింట్లోకొచ్చి వంటావిడతో చెప్పి వెళ్లాలి."

మరియదాసు అలాగే రాశాడు. ఆ రోజు నుంచీ బోర్డు చూపించి వెళ్లేవాళ్లు బాగా తగ్గిపోయారు. గరిటె పట్టుకుని పొయ్యి ముందు నిలబడిన మనిషి మొహం చూస్తూ అబద్ధం చెప్పడం ఎవరికైనా కష్టమే. నిజంగా నచ్చనివాళ్లు మాత్రం వచ్చి చెప్పేవాళ్లు. ఆవిడ వినేది. ఒప్పుకోదగ్గవైతే మార్చుకునేది, లేకపోతే లేదనేది.

ఆ బుధవారం డబ్బుల దగ్గర వాదన పావుగంట నడిచింది. ఇచ్చేవాళ్లు తీసుకోమని, పుచ్చుకునేవాళ్లు వద్దని. చివరికి సీతారావమ్మ భోజనానికీ, తిరుపతిరావు ఈసారి తిన్న పెరుగన్నానికీ తీసుకున్నారు. మిగతా అయిదింటికి బదులు సీతారావమ్మ తను పెట్టిన గుమ్మడి వడియాల మూట వంటింట్లో పెట్టేసింది.

లారీ బాడీ పూర్తయ్యి, పామర్రు వెళ్లిపోయింది. దాని వెనక రెండు నెమళ్లు వేశాడు మరియదాసు. బుధవారాలు మాత్రం ఆగలేదు. వీలైనప్పుడల్లా ఆ దంపతులు ఏదో ఒక పని పెట్టుకుని వచ్చేవాళ్లు. తిరుపతిరావు, పీరు బయట బల్ల మీద కూర్చుని ఇంజన్ల గురించి మాట్లాడుకునేవాళ్లు. లోపల సీతారావమ్మ దాల్చాలో చింతపండు తగ్గించాలంటుంది, జైతూన్ బీ తగ్గిస్తే అది దాల్చా కాదంటుంది. ఇద్దరిలో ఎవరూ ఒక్క రెబ్బ కూడా వెనక్కి తగ్గరు. అయిదు గంటల బస్సు వెళ్లిపోతోందని తిరుపతిరావు గొడుగు పుచ్చుకుని గుమ్మం దగ్గరికొస్తాడు.

"ఇంకో బస్సుంది, కూర్చోండి," అంటారు ఆడవాళ్లిద్దరూ.